ప్రేమవిందు పొట్లం కట్టి పంపేది కాదు

కరోనా తర్వాత మన క్రైస్తవ సంఘాల్లో, ఆరాధన అయ్యాక అందరూ కలిసి కూర్చుని తినే ప్రేమవిందు విషయంలో ఒక మార్పు చడీచప్పుడు లేకుండా స్థిరపడింది. ఆశీర్వాదం పలకగానే గుమ్మం దగ్గర ఇద్దరు యౌవనస్థులు అట్టపెట్టెలు ముందేసుకుని నిలబడతారు. మనిషికొక బిర్యానీ ప్యాకెట్టు, ఒక నీళ్ళ సీసా. అందుకున్నవాళ్ళు బండెక్కి వెళ్ళిపోతారు. పావుగంటలో ఆవరణ ఖాళీ. దీన్ని సమర్థించే కారణాలు బలమైనవే: గిన్నెలు తోమే పని లేదు, షామియానా అద్దె లేదు, అందరికీ ఒకే కొలత, శుభ్రత. ఈమధ్య ఒక సంఘ పెద్ద ఇదే చర్చలో అన్న మాట నన్ను వదలడం లేదు: "ముఖ్యమైంది బల్లారాధన. అన్నం ఇక్కడ తింటే ఏంటి, ఇంట్లో తింటే ఏంటి?"

నా ఆలోచన దీనికి పూర్తిగా ఎదురు. బల్లారాధనలో, అంటే ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనలో, మనం నోటితో ఒప్పుకున్నది నిజమో కాదో ఆ తర్వాత వేసే విస్తరి దగ్గరే తేలుతుంది. ఎవరు ముందు కూర్చున్నారు, ఎవరికి ముక్కలు పడ్డాయి, ఎవరికి పులుసే మిగిలింది, ఎవరు గిన్నెలు కడుగుతూ ఉండిపోయారు అన్నవి వంటవాళ్ళ సమస్యలని మనం అనుకుంటాం. అపొస్తలుడైన పౌలుకు మాత్రం అవి ప్రభువు బల్లకు సంబంధించిన విషయాలే.

కొరింథు పంక్తి

బల్లారాధన నాడు మనం ఎక్కువగా చదివేది పౌలు కొరింథు పట్టణపు సంఘానికి, అంటే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం. 23వ వచనం దగ్గర మొదలుపెట్టి 29 దగ్గర ఆపేస్తాం. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అనగానే తలలు వంగుతాయి. వారంలో ఆడిన అబద్ధం, తెచ్చుకున్న కోపం ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. కొందరైతే అయోగ్యంగా తింటామేమోనన్న భయంతో ఆ వారం బల్లకే దూరంగా ఉంటారు. ఆ పరీక్ష అక్కర్లేదని నేననను. అయితే పౌలు ఆ మాట రాసిన సందర్భం 17వ వచనం నుంచి 22 దాకా ఉంది. "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును." "పేదలను సిగ్గుపరచుదురా?" అక్కడ జరిగిన తప్పు భోజనం దగ్గర జరిగింది.

అప్పట్లో ఆదివారం సెలవు లేదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించింది 321లో. కొరింథు సంఘంలో ఉన్న బానిసలు, రోజుకూలీలు పని వదిలించుకుని వచ్చేసరికి పొద్దుపోయేది. తీరిక ఉన్నవాళ్ళు ముందే వచ్చి తమ వెంట తెచ్చుకున్నది తిని, తాగి కూర్చునేవాళ్ళు. ధనవంతుల ఇళ్ళలో భోజనపు గదికి మూడు వైపులా మూడు పడకలు ఉండేవి. ఒక్కోదానిమీద ముగ్గురు చొప్పున తొమ్మిది మందికే చోటు. మిగిలినవాళ్ళు బయట ముంగిట్లో కూర్చోవలసిందే. కొరింథు సంఘంలో ఇలాగే కూర్చున్నారని పౌలు వర్ణించలేదు. ఆ కాలపు ఇళ్ళ కట్టుబడినీ ఆయన మందలింపునూ పక్కపక్కన పెట్టి పండితులు వేసిన ఊహ ఇది. నాకు అది నమ్మదగినదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆనాటి విందుల్లో అంతస్తును బట్టి వడ్డించడం మామూలు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు రోమను అధికారి ప్లినీ ఒక విందు గురించి స్నేహితుడికి రాస్తూ, ఇంటాయన తనకూ దగ్గరివాళ్ళకూ మంచి వంటకాలు పెట్టించుకుని మిగతావాళ్ళకు నాసిరకం తునకలు వేయించాడనీ, ద్రాక్షారసం కూడా మూడు తరగతులుగా మూడు రకాల బుడ్లలో పోయించాడనీ చెప్పి ఏవగించుకున్నాడు. కొరింథు విశ్వాసులు కొత్త పాపమేదీ కనిపెట్టలేదు. ఊళ్ళో అందరూ చేసేదే సంఘంలోనూ చేశారు. పౌలుకు నొప్పి కలిగించింది అదే.

"ప్రభువు శరీరమని వివేచింపక" అన్న 29వ వచనాన్ని రొట్టెకు మాత్రమే అన్వయించేవాళ్ళున్నారు. 24లో "శరీరము" అంటే క్రీస్తు అప్పగించిన దేహమే కదా అన్న వాళ్ళ వాదనలో బలముంది. కానీ ఒక్క అధ్యాయం ముందు, 10:17లో, అదే పౌలు "రొట్టె యొక్కటే గనుక అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నాము" అన్నాడు. రెండర్థాలనూ విడదీయాల్సిన పని లేదనుకుంటాను. రొట్టెలో క్రీస్తును చూసి, పక్కనున్న ఆకలిగొన్న మనిషిలో ఆయన శరీరాన్ని చూడకపోతే వివేచన సగమే జరిగినట్టు. పౌలు చెప్పిన పరిష్కారం కూడా ఎంత మామూలుగా ఉందో చూడండి. ఉపవాసం ఉండమనలేదు, ప్రత్యేక ప్రార్థన పెట్టుకోమనలేదు. "భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అన్నాడు. ఆగండి, అందరూ వచ్చాక తినండి అన్నాడు.

మన సంఘాల్లో ఆలస్యంగా వచ్చేవాళ్ళెవరో గమనించండి. అపార్టుమెంట్లలో పొద్దున్నే ఐదారిళ్ళ గిన్నెలు తోమి, ఆరాధన సగంలో వెనక బెంచీ మీద కూర్చునే అక్కలు. రాత్రి డ్యూటీ దిగి నిద్రలేకుండా వచ్చిన వాచ్‌మెన్లు. మిర్చికోతల రోజుల్లో మధ్యాహ్నానికి గానీ రాలేని కూలీలు. ప్యాకెట్లు అయిపోయాక గుమ్మం దగ్గరకు చేరేది కూడా వాళ్ళే.

"తన యింటనే భోజనము చేయవలెను"

నా వాదనకు అన్నిటికన్నా గట్టి అడ్డు 34వ వచనం. "ఎవడైనను ఆకలిగొనినయెడల తన యింటనే భోజనము చేయవలెను." ఇంట్లో తినమని పౌలే చెబితే ప్రేమవిందు కోసం ఇంత ఆరాటం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. దీన్ని తేలిగ్గా తోసేయలేం. చరిత్ర కూడా అటువైపే నడిచింది. ఇప్పటి తుర్కీలోని బితూనియకు అధికారిగా వెళ్ళిన అదే ప్లినీ, సుమారు 112లో చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడి పాడుకుని, విడిపోయి, మళ్ళీ కలిసి మామూలు భోజనమే చేసేవారనీ, తన ఆజ్ఞ తర్వాత ఆ రెండోది మానేశామన్నారనీ తెలిపాడు. 150 ప్రాంతంలో క్రైస్తవ రచయిత యుస్తీను రోములో జరిగే ఆరాధనను వర్ణిస్తే అందులో రొట్టె, నీళ్ళు కలిపిన ద్రాక్షారసం, కానుకలు ఉన్నాయి గానీ పూర్తి భోజనం లేదు. ఆ శతాబ్దం చివర ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత మాత్రం ప్రేమవిందును గొప్పగా సమర్థించాడు: ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తుంది, ఆకలి తీరేంతే తింటాం, పేదల కోసమే ఆ ఖర్చు అని. నాలుగో శతాబ్దానికి లవొదికయలో కూడిన సంఘ పెద్దల సభ గుడుల్లో ప్రేమవిందులు పెట్టకూడదని నియమం చేసింది. మిలానులో బిషప్పు అంబ్రోసు, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షుల సమాధుల దగ్గర తిండి, తాగుడు ఆపించాడు. తర్వాత బిషప్పు అయిన అగస్టీను తల్లి మోనిక కూడా తిండి బుట్ట పట్టుకుని వెళ్ళి, సంగతి తెలిసి వెనుదిరిగింది.

ఆ పెద్దలు ఊరికే ఆపలేదు. తాగి గొడవపడేవాళ్ళు ఉన్నారు, పితృదేవతలకు పెట్టే తిండితో దీన్ని కలగలిపేవాళ్ళూ ఉన్నారు. యూదా పత్రిక "మీ ప్రేమవిందులలో దొంగమెట్టలుగా ఉన్నారు" అని, అంటే నీళ్ళ కింద కనబడని రాళ్ళలా ప్రమాదం తెచ్చేవాళ్ళున్నారని హెచ్చరించిందంటే మొదటి తరంలోనే విందు పాడయిందని అర్థం.

అయినా 34వ వచనం ఎవరికి చెప్పిన మాట? ఆగలేనివాడికి. "అన్నపానములు పుచ్చుకొనుటకు మీకు ఇండ్లులేవా?" అని 22లో అడిగింది ఇళ్ళున్నవాళ్ళని, అంటే ముందే తిని కూర్చున్నవాళ్ళని. అంత ఆకలైతే ఇంట్లో కాస్త తిని వచ్చి ఇక్కడ మాత్రం కనిపెట్టుకుని ఉండమని ఆ రెండు వచనాలనూ కలిపి చదివితే తెలుస్తుంది. విందు వద్దనుకుంటే "కనిపెట్టుకొని యుండుడి" అనే మాటకు అక్కడ పనే లేదు. విందును తీసేసినప్పుడల్లా సంఘం ఒక ఇబ్బంది నుంచి బయటపడింది, నిజమే. దాంతోపాటు పేదవాడు ధనవంతుడి పక్కన కూర్చుని కడుపునిండా తినే ఒకే ఒక్క చోటు కూడా పోయింది. 1727లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్లు అనే క్రైస్తవ సమూహం, వాళ్ళను చూసి జాన్ వెస్లీ నడిపిన మెథడిస్టులు ప్రేమవిందును మళ్ళీ తెచ్చుకున్నది ఆ లోటు తెలిసే. మన దగ్గర సువార్తికుడు భక్తసింగ్‌గారి సహవాసాల్లో, వాటి కేంద్రమైన హైదరాబాదు హెబ్రోనుతో సహా ప్రతి ఆదివారం రొట్టె విరిచాక అందరూ చాపల మీద కూర్చుని తినడం ఆరాధనలో భాగంలాగే సాగింది. పరిశుద్ధ సమావేశాలప్పుడు వేలమందికి అదే పద్ధతి.

అన్నం పెట్టడం, కలిసి తినడం

ప్యాకెట్టు అందరికీ సమానమే. కానీ అది పంపిణీ. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు ఇంకా బిషప్పు కాకముందు, 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో చేసిన ప్రసంగం ముగింపు చాలామందికి తెలుసు. మీరు మీ ఆస్తిని పేదలకు అన్నంగా పెట్టారు, మీ శరీరాలను కాల్చబడటానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడాయన. అన్నం పెట్టినవాళ్ళనే ఆ మాట అన్నాడు. పెట్టే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద ఉన్నంతకాలం అన్నం స్నేహంగా మారదని తెలుగు పల్లెల్లో పనిచేస్తున్న ఆయనకు బాగా తెలుసు.

మన తెలుగు సంఘానికి కులం చేసిన ఈ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాల్లో కులభేదాన్ని వెంటనే, పూర్తిగా విడిచిపెట్టాలని లేఖ రాస్తే తంజావూరు, మద్రాసు వేపేరి ప్రాంతాల్లో చాలామంది సంఘం వదిలి వెళ్ళారు. 1850లో మద్రాసు మిషనరీ కాన్ఫరెన్సు, కులం వదిలినట్టు గుర్తుగా దళితుల చేతి వంట తినడానికి సిద్ధపడాలని తీర్మానించింది. జర్మనీకి చెందిన లైప్జిగ్ మిషను డైరెక్టరు గ్రౌల్ దీన్ని వ్యతిరేకించాడు. భోజనాన్ని పరీక్షగా పెట్టకూడదు, బోధతో మెల్లగా మార్చాలన్నాడు. ఈ తగవులో నా మనసు ఎటు ఉందో చెప్పడం నాకే కష్టం. ముద్ద మింగించి పాస్‌మార్కు వేస్తే అది విందు కాదన్న గ్రౌల్ మాట సరైనదే. మరి ఆయన చెప్పిన మెల్లదనానికి హద్దేది? అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, కొందరు యూదులు రాగానే భయపడి "వెనుకతీసి వేరైపోయెను" అని ఉంది. అప్పుడు పౌలు మెల్లగా బోధించలేదు, అందరి ఎదుట ముఖాముఖిగా నిలదీశాడు. బలవంతపు పంక్తి తప్పు, కానీ వేరు పంక్తిని ఓర్చుకోవడం అంతకన్నా పెద్ద తప్పు అన్నచోట నేను నిలబడతాను.

"కంచం పొత్తేగానీ మంచం పొత్తు లేదు" అంటారు కదా. గుళ్ళో పక్కపక్కన కూర్చుని తింటారు, పిల్ల నిచ్చే దగ్గర మాత్రం మాల, మాదిగ, రెడ్డి, కమ్మ లెక్కలు బయటికి తీస్తారు. అలాంటప్పుడు ఈ పంక్తి భోజనం ఎవరిని మార్చింది అని యౌవనస్థులు అడుగుతారు. అడగాల్సిందే. విందు ఒక్కటే కులాన్ని కూలదోస్తుందని నేను చెప్పలేను. కాకపోతే కంచం పొత్తు కూడా పోయిన సంఘంలో ఆ ప్రశ్న అడిగే చోటే ఉండదు. ప్యాకెట్టు పట్టుకుని ఎవరింటికి వాళ్ళు పోతే పెళ్ళీడు పిల్లల తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేది ఎప్పుడు?

ఇంకో సంగతి బయట పెద్దగా మాట్లాడం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. అందువల్ల ఎన్నో ఏళ్ళుగా ఆరాధనకు వస్తూ, ప్రార్థిస్తూ, బాప్తిస్మం దగ్గర మాత్రం ఆగిపోయిన కుటుంబాలు దాదాపు ప్రతి సంఘంలో ఉన్నాయి. వాళ్ళు బల్ల దగ్గరకు రారు. ప్రేమవిందులో కూర్చుంటారు. సంఘంతో కలిసి వాళ్ళు తినే భోజనం అదొక్కటే. దాన్ని పొట్లం కట్టి చేతిలో పెట్టి పంపిస్తే వాళ్ళకు మిగిలింది వెనక బెంచీ.

అన్నం ఆశ చూపి మతం మారుస్తున్నారన్న నిందకు కూడా జవాబు ఇక్కడే ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ, బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. సాయం ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆకలి తీర్చే అన్నాన్నీ సహవాసపు అన్నాన్నీ కలపకూడదని ఆయనకు తెలిసింది. ప్రేమవిందు ఎరగా మారకుండా ఉండాలంటే తినేవాళ్ళే తెచ్చేవాళ్ళు కూడా అయి ఉండాలి.

పిడికెడు బియ్యం లెక్క

ఇందుకు మన పల్లె సంఘాల దగ్గర పాత పద్ధతి ఒకటుంది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన డబ్బాలో వేసి ఆదివారం గుడికి తేవడం. పిడికిలి నిండా తీస్తే సుమారు 40 గ్రాములు. రోజుకు రెండుపూటలు, వారానికి 14 పిడికిళ్ళు, అంటే 560 గ్రాములు. ముప్పై కుటుంబాలు తెస్తే దాదాపు 17 కిలోలు. ఇప్పుడు నూటయాభై మంది విందు చూడండి. పెద్దలు 110 మందికి తలకు 125 గ్రాములు, పిల్లలు 40 మందికి 70 గ్రాములు వేసుకుంటే పదహారున్నర కిలోలు సరిపోతాయి. కూలిపని చేసేవాళ్ళు ఎక్కువున్న సంఘంలో పెద్దలకు 150 వేసుకోవాలి. నెలకొకసారి విందు పెట్టుకునే సంఘానికి దాదాపు ఒక వారం బియ్యమే చాలు, మిగతా వారాలవి విధవరాండ్రకు, జబ్బుపడ్డవాళ్ళకు పోతాయి.

ఈ పద్ధతిలో వచ్చే చిక్కు బియ్యం కలిసిపోవడం. ఒక ఇంటి సోనామసూరి, ఇంకో ఇంటి దొడ్డుబియ్యం, పాతవి, కొత్తవి అన్నీ ఒకే గోనెలో పోస్తారు, ఎవరు ఏవి తెచ్చారో తెలియకూడదని. మంచి ఆలోచనే. కానీ కొత్తబియ్యం ముద్దవుతుంటే పాతవి పలుకుగా ఉంటాయి. విడిగా పోయిస్తే రేషను బియ్యం తెచ్చిన మనిషి చిన్నబుచ్చుకుంటుంది. తెలంగాణలో 2025 నుంచి రేషనులోనే సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి అక్కడ ఈ తేడా తగ్గింది. మిగతా చోట్ల కలిసిన బియ్యాన్ని అరగంట నుంచి నలభై నిమిషాలు నానబెట్టి, పుష్కలంగా ఎసరు పెట్టి గంజి వారిస్తే చాలావరకు సమంగా ఉడుకుతుంది. అత్తెసరు పెడితే మాత్రం పాడవుతుంది. పులిహోర చేసినా తేడా తెలియదు. ఒకే డేగిసాలో తొమ్మిది కిలోలు మించకూడదు. అంతకన్నా పోస్తే అడుగున మెత్తబడి పైన పలుకు మిగులుతుంది. పదహారున్నర కిలోలకు రెండు డేగిసాలు, అదీ అరగంట తేడాతో. కారణం ప్రసంగం. పన్నెండుకు ముగుస్తుందనుకున్నది ఒకటిన్నరకు ముగిస్తే రెండూ చల్లారిపోతాయి. మొదటిది ప్రసంగం మధ్యలో, రెండోది కానుకల పాట సమయానికి పొయ్యి మీదకెక్కితే వేడి తగ్గదు.

ప్యాకెట్టే శుభ్రం అన్నవాళ్ళకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఉడికిన అన్నంలో కూడా చావని బీజాలుండే సూక్ష్మజీవి ఒకటుంది. అన్నం 60 డిగ్రీల కన్నా చల్లబడి గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అది పెరిగి వాంతులు, విరేచనాలు తెస్తుంది. తొమ్మిదింటికి వేడిగా మూతవేసిన బిర్యానీ పెట్టె లోపల ఆవిరి చెమటలా పట్టి, నెమ్మదిగా చల్లారి, రెండింటికో మూడింటికో ఎవరింట్లోనో తెరుచుకుంటుంది. కోడి ముక్క ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎండాకాలంలో వాసన వచ్చిందని పారేసిన పెట్టెల సంగతి ప్యాకెట్లు పంచిన సంఘాలకు తెలిసే ఉంటుంది. పొయ్యి మీంచి పంక్తిలోకి వచ్చిన అన్నానికి ఆ భయం తక్కువ. చేతులు కడుక్కోవడానికి సబ్బు, రెండు కుళాయిలు పెడితే చాలు.

మూడో పంక్తి

యాభై మంది కూర్చునే చోట నూటయాభై మందికి మూడు పంక్తులు పడతాయి, ఒక్కోదానికి పాతిక నిమిషాలు. కొరింథు మన మధ్య తలెత్తేది మూడో పంక్తిలో. మొదటి పంక్తిలో పెద్దలు, అతిథులు, ముందు బెంచీలవాళ్ళు. రెండులో కుటుంబాలు. మూడులో వండినవాళ్ళు, వడ్డించినవాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు, ఆవరణ ఊడ్చే మనిషి. అప్పటికి కోడికూరలో ముక్కలుండవు. "ఉన్నదాంట్లో సర్దుకుందాం" అని అక్కలే నవ్వుతూ అంటారు.

దీన్ని మంచితనానికి వదిలేస్తే ప్రతిసారీ ఇలాగే అవుతుంది. లెక్క ఉండాలి. నూటయాభై మందికి 16 కిలోల కోడి తెచ్చి కిలోకు ఇరవై ముక్కలు కొట్టిస్తే 320 ముక్కలు. మనిషికి రెండు చొప్పున 300 పోగా ఇరవై చేతిలో ఉంటాయి. కూర దించగానే, ఒక్క విస్తరి కూడా వేయకముందే, మూడు గిన్నెల్లోకి సమానంగా తీసి రెండింటికి మూతపెట్టాలి. మొదటి పంక్తికి మొదటి గిన్నె మాత్రమే. అది అయిపోతే పులుసే, పాస్టరుగారికైనా. రెండున్నర కిలోల కందిపప్పుతో పప్పుచారు, ఎనిమిది కిలోల వంకాయ-బంగాళదుంప కూర, పది లీటర్ల పెరుగు చిలికిన మజ్జిగ ఉంటే ఎవరి కడుపూ మాడదు. మాంసం తినని పొరుగువాళ్ళను పిలిస్తే శాకాహారం ముందు వండి గరిటెలు విడిగా ఉంచాలి.

గొడ్డుమాంసం విషయంలో మన సంఘాలు రెండు వైపులా తప్పు చేస్తున్నాయి. పండగకు అదే వండుకునే కుటుంబాలను నలుగురిలో తలదించుకునేలా చేసే సంఘాలున్నాయి. తినలేనివాళ్ళను విశ్వాసం తక్కువని ఎగతాళి చేసే చోట్లూ ఉన్నాయి. "భోజనము నిమిత్తము దేవుని పనిని పాడుచేయకుడి" అన్న రోమా 14 మాట ఇద్దరికీ వర్తిస్తుంది. అందరి విస్తట్లో పడేది అందరూ తినగలిగేదై ఉంటే మేలు. ఎవరి ఇంటి వంటనూ గుళ్ళో తీర్పు తీర్చకూడదు.

పాస్టరుగారి గదిలో విడిగా స్టీలు కంచాల్లో అతిథులకు వడ్డించే అలవాటు మానాలి. అది గౌరవం కోసమేనని, దైవజనుడు అలసిపోయి ఉంటాడని అంటారు. అలసట నిజమే, కుర్చీ వేయండి. కానీ ఆ కుర్చీ పంక్తిలోనే వేయండి, విస్తరి అందరిదే పెట్టండి. యేసు మీద వేసిన నింద గుర్తుంది కదా, "ఇతడు పాపులను చేర్చుకొని వారితో కూడ భోజనము చేయుచున్నాడు" అని. గది తలుపు వేసుకుని తిన్న సేవకుడి మీద ఆ నింద ఎవరూ వేయలేరు.

ఆడవాళ్ళ చాకిరీ గురించి వచ్చే ఆక్షేపణే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. ప్యాకెట్లు వచ్చాక కొన్ని సంఘాల్లో స్త్రీల సమాజం వాళ్ళు మొదటిసారి ప్రసంగం మొత్తం విన్నారు. ఆ మాట విన్నాక విందు కావాలని గట్టిగా అడగడానికి నోరు రాదు. వంటపనిలో మునిగిన మార్త పని, యేసు మాట వింటూ కూర్చున్న మరియకు అడ్డు రాకూడదు. అందుకే మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు పాత పద్ధతిని యథాతథంగా తేవద్దు. సంఘాన్ని నాలుగు జట్లు చేస్తే నెలవారీ విందులో ఒక్కో జట్టుకు ఏడాదికి మూడుసార్లే వంట వస్తుంది. జట్టులో మగవాళ్ళు, ఆడవాళ్ళు ఇద్దరూ ఉండాలి. తరుగుడు ముందురోజు సాయంత్రమే అయిపోవాలి. వండిన జట్టు మొదటి పంక్తిలో కూర్చోవాలి, వడ్డన ఇంకో జట్టుది, గిన్నెలు తోమడం మూడోదానిది. అపొస్తలుల కార్యములు 6లో "అనుదిన పరిచర్యలో" గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరిగినప్పుడు సంఘం ఎన్నుకున్న ఏడుగురూ మగవాళ్ళే, ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొన్నవాళ్ళే. వడ్డనకు అలాంటివాళ్ళు కావాలని అపొస్తలులు అనుకున్నారు. మన దగ్గర సంఘ పెద్దలు కానుకల లెక్క రాసుకుంటుంటే వడ్డన పిల్లలకు అప్పజెబుతాం. పెద్దలు బకెట్టు, గరిటె పట్టుకుని వంగి వడ్డించే విందుకు, వాళ్ళు ముందు కూర్చుని తినే విందుకు చాలా తేడా ఉంటుంది.

బల్ల దగ్గర కూడా ఇదే ధోరణి వస్తోంది. ద్రాక్షరసం, రొట్టెముక్క ఒకే చిన్న ప్లాస్టిక్ కప్పులో మూతవేసి అమ్ముతున్నారు. అంటురోగాల భయంతో విడి కప్పులు అమెరికాలో 1890ల్లో మొదలయ్యాయి, ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ రసం విడి కప్పుల్లో పోసినా రొట్టె ఒక్కటే పెట్టి విరవడానికి ఏ అడ్డూ లేదు. నూరుమందికి ఒక్కొక్కరికి 15 మిల్లీలీటర్లు, మొత్తం ఒకటిన్నర లీటరు. రెండున్నర కిలోల నల్లద్రాక్ష కడిగి, ఉడికించి, వడగడితే వస్తుంది. శనివారం కాచి చల్లబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండాకాలంలో బయట వదిలితే ఆదివారానికి పులిసి నురగ కడుతుంది. ఈ పని కూడా విందు వండే జట్టుకే ఇస్తే బల్ల, పంక్తి రెండూ ఒకే చేతుల మీదుగా నడుస్తాయి.

ప్యాకెట్టుకు ఒక్క చోటు మాత్రం నేను సంతోషంగా ఒప్పుకుంటాను. రోములో రొట్టె పంచాక, రాలేకపోయినవాళ్ళ వంతు పరిచారకులు వాళ్ళ ఇళ్ళకు పట్టుకెళ్ళేవారని యుస్తీను రాశాడు. మంచాన పడ్డవాళ్ళకు, బాలింతలకు, డయాలసిస్‌కు వెళ్ళివచ్చి లేవలేనివాళ్ళకు విందు వాళ్ళ గడప దగ్గరికే వెళ్ళాలి. ఆ క్యారియర్‌ను మొదటి పంక్తికన్నా ముందే కట్టాలి, మూడో పంక్తి మిగులులోంచి కాదు. తీసుకెళ్ళే మనిషి తన వంతు కూడా అందులోనే కట్టుకుని, ఆ ఇంట్లో వాళ్ళతో కూర్చుని తిని రావాలి. కిడ్నీ జబ్బువాళ్ళకు ఉప్పు, పప్పు ఎంతవరకు పడతాయో ముందురోజే ఇంట్లోవాళ్ళను అడిగి, ఆ గిన్నె విడిగా వండించుకోవాలి.